మావయ్య బీరువాలో బల్బులు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. తొమ్మిదితో బడి మానేసిన నాలాంటివాడికి తెలియనివల్లా పదో తరగతి పాఠాలేనన్నది ఒకటి, మిషనన్నాక వెలిగితే సగం బాగయినట్టేనన్నది రెండోది. మొదటిది ఇప్పటికీ వదల్లేదు.

తణుకులో మా మావయ్య రిపేరు షాపులో చేరి రెండేళ్లయినా నాకు మిక్సీలు తప్ప ఏమీ ఇచ్చేవాడు కాదు. (ఒకదాంట్లో అల్లం చట్నీ కూడా దొరికింది.) అలాంటప్పుడు భీమవరంలో రొయ్యల చెరువులున్న ఒకాయన, తను కొత్తగా పెడుతున్న హోటల్ కోసం, మూతపడ్డ ఎగ్జిబిషన్ వాళ్ల దగ్గర రెండు పాత పిన్‌బాల్ మిషన్లు కొని మా షాపులో దింపించాడు. స్ప్రింగు లాగి వదిలితే ఇనుప గుండు పైకి పోయి దొర్లుతూ దిగుతుంది. గుంటలో పడేలోగా బటన్ నొక్కితే కింద రెండు చిన్న రెక్కలు లేచి దాన్ని తంతాయి. ఆటంతా ఆ రెక్కల్లోనే ఉంది. పాలకొల్లులో పెళ్లికి బయల్దేరుతూ మావయ్య ఒక మిషను నాకప్పగించాడు. "ముందు కరెంటు చూడు. తర్వాత కదిలేవి, ఆ తర్వాత స్కోరు చూపించేవి. వెలిగేవి ఆఖర్న. ఇది సరిగ్గా చేస్తే రెండోదీ నీదే. లేదంటే మళ్లీ మిక్సీలేరా," అన్నాడు.

కరెంటు బుద్ధిగానే చూశాను. రెక్కల్ని లేపే కాయిల్స్ విప్పితే బొగ్గులా మాడి ఉన్నాయి. ఒక్కోదానికీ తీగ చుట్టడానికి ఒక పూట పడుతుంది. పక్కన డబ్బాలో ఎరుపు, పచ్చ, నీలం బల్బులు. చెయ్యి అటే పోయింది. సాయంత్రానికి మిషను పెళ్లిపందిరిలా వెలిగిపోతుంటే, ఉండబట్టలేక వీడియో తీసి హోటలాయనకి పంపాను. గంటలో ఆయన వ్యానేసుకుని దిగాడు.

"అదిరిందయ్యా! రేపే ప్రారంభం, ఎక్కించు."

"ఇంకా పనుందండీ..."

"అక్కడ చేద్దువుగానిలే, ముహూర్తం ఆగుద్దా?"

మర్నాడు మిషనుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. మొదటి ఆట ఆయన తల్లిగారిది. రెక్కలు లేవవని ఆ హాల్లో తెలిసింది నాకొక్కడికే. మిషనుకి ముందువైపు, డబ్బులు వేసే చోటున్న చిన్న తలుపు తీసి, "ఎర్తింగ్ పట్టుకోవాలండీ" అని నేలమీద చతికిలబడి లోపలికి చెయ్యి దూర్చాను.

"బామ్మగారూ, బటన్ నొక్కినప్పుడల్లా 'నొక్కా' అని గట్టిగా అనండి."

ఆవిడ "నొక్కా!" అనడం, నేను లోపల రెక్క లాగడం. గుండు ఎగిరినప్పుడల్లా చప్పట్లే. స్కోరు సున్నా దాటలేదు గానీ అదెవరికీ పట్టలేదు. ఆవిడకి ఆట తెగ నచ్చేసింది, అదీ నా ఖర్మ. ఆరో ఆటకి నా భుజం నాది కాకుండా పోయింది. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర్నుంచి వినబడింది, "ఏరా, నువ్వు చెయ్యి తీసేస్తే ఆడదా?" అని. హోటలాయన ఫోన్ చేసి పిలిస్తే, పెళ్లి భోజనం చేసి నేరుగా ప్రారంభానికి వచ్చిన మావయ్య!

హోటలాయన దగ్గర నాలుగు రోజులు గడువడిగి మిషను వెనక్కి తెచ్చాడు. దారంతా నేను మనసులో మిక్సీలు లెక్కపెట్టుకుంటున్నాను. షాపుకొచ్చాక అన్నాడు: "ఆరు ఆటలు ఆడించావు, రెక్క ఎలా లేస్తుందో నీ చేతికి తెలిసింది. రెండోదీ నువ్వే చెయ్యి." నా మొహం వెలిగే లోపే బల్బుల డబ్బా తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. "రెక్క తన్నిన రోజున అడుగు."

ఇప్పుడు షాపు నాది, పనిచేసేదీ నేనొక్కణ్నే. అయినా బల్బులు ఆ బీరువాలోనే ఉంటాయి. తాళంచెవి మా ఆవిడ దగ్గర. అడగ్గానే ఇవ్వదు, ముందొచ్చి తనే బటన్ నొక్కి చూస్తుంది.