లొరేన్ టీచరు గొర్రెపిల్లలు

లొరేన్ ప్రూయిట్ మా ఊరి బడిలో నాలుగో తరగతికి ఇరవై తొమ్మిదేళ్ళు పాఠం చెప్పింది. జార్జియాలో దక్షిణాన మాదో చిన్న ఊరు. అక్కడ నలభై ఏళ్ళ లోపు వాళ్ళని ఎవరిని కదిపినా ఆవిడ చేతికింద చదివినవాళ్ళే. ఆవిడ మీద ఎవరైనా మాట తూలితే నేను ఊరుకోను. ఏ పిల్లకి పన్ను ఊడిందో, ఏ పిల్లాడు పొద్దున ఏమీ తినకుండా వచ్చాడో మొహం చూసి చెప్పేది. మా ఆయన కర్టిస్ మంచాన పడ్డప్పుడు ఆరు వారాలు వరసగా, ప్రతి ఆదివారం వేడివేడిగా కోడికూర వండి గిన్నె మా వసారాలో పెట్టి వెళ్ళింది. అంత మంచి మనిషి ఒక్క విషయంలో మాత్రం కళ్ళుండీ చూడలేదు. అది చెప్పాలంటే ముందు మా బడి ఆనవాయితీ చెప్పాలి.

ఏటా మార్చిలో, అజీలియాలు పూసే వారం, నాలుగో తరగతి పిల్లల్ని ఊరి సమాధుల తోటకి తీసుకెళ్తారు. లొరేన్ పుట్టకముందు నుంచీ ఉన్న అలవాటే అది. పిల్లలు తమ ఇంటిపేరు చెక్కిన రాయి వెతుక్కుని, దాని మీద పల్చటి కాగితం పరిచి, నల్లటి మైనపు క్రేయాన్ అడ్డంగా పట్టుకుని రుద్దుతారు. రాతి మీది అక్షరాలు కాగితం మీదికి తేలతాయి. దాని కింద 'నా వాళ్ళు' అని ఒక పేజీ రాయాలి. తల్లిదండ్రులు వచ్చే రోజుదాకా అవన్నీ వరండా గోడ మీద ఉంటాయి. చరిత్ర మన ఇంట్లోంచే మొదలవుతుందని లొరేన్ చెప్పేది. మాట మంచిదే. ఎవరింట్లోంచి అన్నదే పేచీ.

ఆ తోటలో పడుకున్నవాళ్ళంతా తెల్లవాళ్ళు. మా నల్లవాళ్ళని బతికుండగానే ఆ గేటు దాటనివ్వలేదు, పోయాక రానిస్తారా? మావాళ్ళు రైలు పట్టాల అవతల, మా చర్చి వెనక పైన్ చెట్ల కింద ఉన్నారు. అందుకని తరగతిలో సగం మందికి వెతుక్కోవడానికి రాయే లేదు. వాళ్ళని టీచరు ఏదైనా అందమైనది చూసుకోమనేది. అందమైనవంటే పసితనంలో పోయిన బిడ్డల రాళ్ళు, వాటి మీద ముడుచుకుని పడుకున్న గొర్రెపిల్ల బొమ్మలు. దాంతో ఏటా గోడకి ఒకవైపు కెప్టెన్లు, డాక్టర్లు, ముత్తాతలు, రెండోవైపు పన్నెండో పదమూడో గొర్రెపిల్లలు. మీ పిల్లలకి గొర్రెపిల్లలంటే ఎంత ఇష్టమో చూశావా వెర్నెల్ అని లొరేన్ నాతో ఒకసారి కాదు, పదిసార్లు అంది.

నేను ఆ బడి బస్సు డ్రైవర్ని. ఇరవయ్యారేళ్ళు పిల్లల్ని ఆ గేటు ముందు దింపి, బస్సు మెట్టు మీద కూర్చుని ఉడకేసిన వేరుశనక్కాయలు వలుచుకుంటూ లోపలికి చూస్తుండేదాన్ని. అంతకు ముందు 1971లో నేనూ ఆ గేటు లోపలికి వెళ్ళాను. తెల్లవాళ్ళ బడీ నల్లవాళ్ళ బడీ కలిపేసిన మొదటి ఏడు అది. లొరేన్, నేను ఒకే తరగతి. వాళ్ళ తాతకి తాత కెప్టెన్ జొసయా ప్రూయిట్ రాయి ఎంత పెద్దదంటే ఆ పిల్ల రెండు కాగితాలు అతికించి పరిచింది. నేనూ ప్రూయిట్‌నే. మా ఊళ్ళో ఇంటిపేరు ఒకటైతే చుట్టాలని కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నేను గొర్రెపిల్లని రుద్దుకొచ్చాను. మా అమ్మ దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "ఎవరి బిడ్డే ఇది?" అంది. తెలీదన్నాను. మడిచి తన సొరుగులో పెట్టింది. నీ వాళ్ళెవరు అంటే ముక్కూ మొహం తెలియని బిడ్డని చూపించాల్సి వచ్చిన ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

మరి ఇన్నేళ్ళూ లొరేన్‌కి ఎందుకు చెప్పలేదంటారా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టవుతుందని కొంత. ఆ కోడికూర గిన్నెల మొహం చూసి కొంత. అసలు కారణం కోపం. తనే అడగాలని నా పంతం.

2013లో మా చిన్న తమ్ముడి కూతురు జనాయా ఆ తరగతిలో ఉంది. తొమ్మిదేళ్ళది, మనసులో ఉన్నది నోట్లో ఆగదు. ఆ మార్చిలో బస్సు దిగడంతోనే తిన్నగా గేటు పక్కనే ఉన్న కెప్టెన్ రాయి దగ్గరికి వెళ్ళి కాగితం పరిచింది. లొరేన్ అన్న మనవడు కోల్బీ అప్పటికే అక్కడున్నాడు. ఇది మా రాయి పొమ్మన్నాడు. జనాయా తన పుస్తకం అట్ట మీది పేరు చూపించి, నీకు చదవడం రాదా అని అడిగింది. లొరేన్ గబగబా వచ్చి నవ్వుతూనే, మెత్తగానే చెప్పింది.

"ఆ ప్రూయిట్లు వేరమ్మా. రా, నీకో మంచి గొర్రెపిల్లని చూపిస్తాను."

"నాకు గొర్రెపిల్ల వద్దు మిస్ లొరేన్. మీరు వేరూ మేం వేరూ అయితే, మాకా పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

పిల్లలందరూ రుద్దడం ఆపారు. లొరేన్ మెడ దాకా ఎర్రబడిపోయింది. ఎలాగైనా గట్టెక్కించమన్నట్టు తలెత్తి నా వైపు చూసింది. నేను ఇంకో వేరుశనక్కాయ వలుచుకున్నాను. క్లాసులో మాట్లాడుకుందాం అని పిల్లల్ని బస్సెక్కించింది.

క్లాసులో మాట్లాడలేదు. జనాయా తెల్ల కాగితం అలాగే ఇంటికి తెచ్చింది. తల్లిదండ్రులు వచ్చే రోజు ఆ పై శుక్రవారం. "గోడ మీద నా చోట ఏం పెడతారత్తా? ఖాళీగా ఉంచేస్తారా?" అని అడిగింది. ఉంచనీ, ఊరంతా చూడనీ అనబోయి ఆగాను. నా మెడకి చుట్టుకున్న సిగ్గు ఈ పిల్లకీ చుట్టుకుంటుంటే నా పంతం ఉప్పేసుకు తిననా? నేనే వెళ్ళి చెప్పేద్దామనుకున్నాను. ఆ పని లేకుండా శనివారం మధ్యాహ్నం లొరేనే వచ్చింది.

అన్ని గిన్నెలు తెచ్చిన మనిషి మా గడప దాటడం అదే మొదలు. నేను వంటింట్లో ఆకుకూర కడుగుతున్నాను. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"వెర్నెల్, పోయిన మీవాళ్ళందరూ ఎక్కడున్నారు?"

నేను చేతులు తుడుచుకుని, అమ్మ సొరుగు లాగి, నా గొర్రెపిల్లని తీసి బల్ల మీద పరిచాను. మడతల దగ్గర చిరిగింది. వెనకాల అమ్మ నా పేరూ, తరగతీ, సంవత్సరం రాసి పెట్టింది. లొరేన్ దాన్ని తిప్పి ఆ సంవత్సరం చదివింది.

"మీకు ఇష్టమనుకున్నాను" అంది.

నాకు నవ్వొచ్చింది. కోపంతో మొదలైన నవ్వు, ఎంతకీ ఆగలేదు. ఆవిడేమో ఏడుస్తోంది. నీ కళ్ళు తుడవడం నా వల్ల కాదు, రుమాలు అక్కడుంది తీసుకో అన్నాను. సోమవారం పిల్లల్ని బస్సెక్కిస్తే ఎక్కడికెళ్ళాలో నేను చూపిస్తానన్నాను. "కానీ ఆ పిల్ల అడిగినదానికి జవాబు నువ్వే చెప్పాలి."

"ఎలా చెప్పాలో తెలీదు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు."

"ఎత్తకపోయినా నీకు తెలుసుగా?"

"తెలుసు."

"తెలిసిందే చెప్పు."

సోమవారం బస్సు పట్టాలు దాటించాను. రాలిన సూదుల్లాంటి పైన్ ఆకులు పక్కకి తోస్తే పొలంలో దొరికే మామూలు రాళ్ళు బయటపడ్డాయి. ఒక్కదాని మీద కూడా అక్షరం లేదు. మా చర్చిలో అందరికంటే పెద్దది, తొంభై ఒక్కేళ్ళ లూడీ అవ్వ మడతకుర్చీలో కూర్చుని, ఏ రాయి కింద ఎవరున్నారో కర్రతో చూపించుకుంటూ వచ్చింది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. చర్చివాళ్ళం అక్కడ గడ్డి పీకే రోజున ఏటా ఆ పేర్లన్నీ మా అందరిచేతా అప్పజెప్పించుకునేది. కర్ర ఒక పెద్ద రాయి దగ్గర ఆగింది. "ఇది హెస్టర్ ప్రూయిట్. కెప్టెన్ ఇంట్లో వంట చేసింది, కెప్టెన్ పిల్లలకి పాలిచ్చి పెంచింది. మన వెర్నెల్ ముత్తాతకి తల్లి."

లొరేన్ ఆ రాయి పక్కన నిలబడింది.

"జనాయా ఒక ప్రశ్న అడిగింది. జవాబు నాకు ఆ రోజే తెలుసు, చెప్పడానికి సిగ్గుపడ్డాను. మా తాతకి తాత డబ్బిచ్చి హెస్టర్‌ని కొన్నాడు. తన ఆస్తి లెక్కల్లో గుర్రాలతో పాటు ఆవిడ పేరూ రాసుకున్నాడు. ఆ ఇంటిపేరు ఆవిడకి అలా వచ్చింది. నేను ఏటా పిల్లలకి ఆయన కట్టించిన వంతెన గురించే చెప్పాను. ఈవిడ గురించి చెప్పలేదు."

కోల్బీ ముందుకొచ్చి, మా తాతల్ని పెంచింది ఈవిడేనా అని అడిగాడు.

"మరెవరనుకున్నావురా? కెప్టెన్ పాలిచ్చాడా?" అంది లూడీ అవ్వ.

పిల్లలు పడీ పడీ నవ్వారు. లొరేన్ కూడా నవ్వింది. జనాయా చెయ్యి చాచి, "అయితే క్రేయాన్ ఇవ్వండి మిస్ లొరేన్" అంది.

కాగితం మీదికి అక్షరాలు రాలేదు. రాతి గరుకూ, మధ్యలో ఒక పగులూ వచ్చాయి. దాని కింద జనాయా పెద్ద అక్షరాలతో హెస్టర్ ప్రూయిట్ అని రాసింది. శుక్రవారం గోడ మీద కోల్బీ కెప్టెన్ పక్కనే హెస్టర్ ఉంది. మా తమ్ముడు పని నుంచి ఆ బట్టలతోనే వచ్చి, కూతురి భుజం మీద చెయ్యేసి నిలబడి ఎంతసేపు చూశాడో. ఆ ఏడు గోడ మీద గొర్రెపిల్ల ఒక్కటీ లేదు. ఆ తర్వాత ఏడు నుంచి బస్సు రెండు తోటలకీ వెళ్ళింది.

ఇంకొక్కటి చెప్పాలి. ఆ సోమవారం లొరేన్ నాకూ ఒక కాగితం ఇచ్చింది, 1971లో నువ్వు చెయ్యాల్సింది ఇప్పుడు చెయ్యమంది. మోకాళ్ళు పట్టేస్తున్నా కూర్చుని హెస్టర్ రాయి మీద రుద్దాను. దాన్నీ గోడకి పెట్టి, మూల ఎర్రసిరాతో బి గ్రేడు వేసింది. నలభై రెండేళ్ళు ఆలస్యంగా ఇచ్చానట. ఆలస్యం ఎవరిదీ అన్నాను. కొట్టేసి ఎ వేసింది.

కాగితం ఇంటికి తెచ్చి అమ్మ సొరుగులో గొర్రెపిల్ల మీద పెట్టాను. అమ్మ ఉంటే, ఎవరే ఇది అని అడిగేది. ఈసారి చెప్పేదాన్ని.