బ్రేకు పెడలు దగ్గరి చెక్క

1961 వేసవి. నూజివీడు బస్టాండు వెనక రేకుల షెడ్డులో నా చెక్కపని. లారీలకూ బస్సులకూ బాడీలు కట్టేవాణ్ణి, పెళ్ళిళ్ళ కాలంలో మంచాలూ బీరువాలూ చేసేవాణ్ణి. కారు లోపలి చెక్కపని అంతకు ముందు చేసి ఎరగను. అయినా రామబ్రహ్మం గారు వాళ్ళ నాన్నగారి నాటి ఇంగ్లీషు కారు తెచ్చి షెడ్డులో నిలబెడితే, నాకు రాదు అనడానికి నోరు రాలేదు. ఆ వయసులో నాకు ఆ మాట అలవాటు లేదు.

రామబ్రహ్మం గారి కాపురం నూజివీడులో, మామిడి తోటలు రెడ్డిగూడెంలో. "నాన్నగారున్నప్పుడు ఎలా ఉండేదో అలా కావాలి ఆచారీ. తొలి కోత రోజున అమ్మ ఈ కారులోనే తోటకెళ్తానంటోంది. ఆయన పోయాక అటు అడుగు పెట్టలేదావిడ," అన్నారు.

కారు లోపలికి తొంగి చూశాను. నాలుగైదు వేసవులు వెనక సీట్లు తీసేసి అందులో మామిడికాయలు తోలారు. సొన కారి, కాయలు కుళ్ళి, కాళ్ళ కింద చెక్కలు, అంటే ఫ్లోర్‌బోర్డులు, చేత్తో తుంచితే ఊడొచ్చేలా ఉన్నాయి. తలుపుల లోపలివైపు ప్యానెళ్ళ మీద వెనీర్, అంటే కాగితమంత పల్చటి సీమ చెక్క పొర, బొబ్బలెక్కి లేచింది.

నా భయమంతా ఆ పొర మీదే. చిరిగితే అలాంటిది మళ్ళీ దొరకదు. తడిగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె ఊపిరి బిగబట్టి ఆనించి, కింద జిగురు పోసి, పైన బరువులు పెట్టి వారం రోజులు కూర్చున్నాను. అన్నం సహించేది కాదు. చివరికి లక్క పాలిష్ పడి చారలు మెరిసేసరికి, ఇక గట్టెక్కాననుకున్నాను.

ఫ్లోర్‌బోర్డులంటారా, అవి నాకు లెక్కలోకే రాలేదు. పాతవి అర అంగుళం మందం. మా వైపు చెక్క బాగుందీ లేనిదీ మందం చూసే చెబుతారు. తలుపు కొనేవాడు ముందు దాని అంచు మీదే వేలు పెడతాడు. అందుకని ముప్పావు అంగుళం టేకు వేశాను. బ్రేకు పెడలుకున్న ఇనప కాడ కిందికి దిగే కంత దగ్గర పాత చెక్క అడుగువైపు అంచు ఏటవాలుగా ఉంది. పుచ్చి రాలిందనుకుని, కొత్తదానికి అంచు నిటారుగా, నున్నగా కోశాను. రామబ్రహ్మం గారు వేలితో ఆ మందం చూసి, "శభాష్!" అన్నారు.

ప్రయాణానికి ముందురోజు డ్రైవరు నాగయ్య కారును షెడ్డు చుట్టూ తిప్పాడు. అరవై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్ళుగా ఆ కారు తోలింది అతనొక్కడే.

"బ్రేకు గట్టిగా తొక్కితే కాలికి ఏదో ఆనినట్టుంటోంది ఆచారి గారూ."

"కొత్త చెక్క గదా, నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుంది. ముందు నీ కాలు మొద్దుబారిందేమో చూసుకో!" అన్నాను.

అందరూ నవ్వారు. నాగయ్య తన కాలివంక చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రామబ్రహ్మం గారూ వాళ్ళమ్మగారూ నాగయ్యతో బయల్దేరారు. నేను షెడ్డు ఊడుస్తూ పొయ్యిలో పెడదామని పాత చెక్క ముక్క చేతిలోకి తీసుకున్నాను. ఏటవాలు అంచు వేలికి తగిలింది. పుచ్చిన చెక్కయితే వేలికి రాలాలి. ఇది రాల్లేదు. చిత్రిక పట్టి తీసిన అంచది. చాంఫర్ అంటామే, అది. గట్టిగా తొక్కినప్పుడు పెడలు కాడ ముందుకు ఒరిగి దిగడానికి వదిలిన చోటు. నేనక్కడ ముప్పావు అంగుళం టేకు అడ్డం పెట్టాను.

దారిలో రెడ్డిగూడెం ముందు, రోడ్డు బాగా వాలుగా వాగులోకి దిగే దిగుడొకటుంది. ఆ రోజుల్లో అక్కడ మామిడికాయల బళ్ళు బారులు తీరి ఉండేవి. పనిముట్ల సంచీ పట్టుకుని రోడ్డెక్కి, కాయలకోసం వెళ్తున్న లారీని చేతులడ్డం పెట్టి ఆపి ఎక్కాను. ప్రతి మలుపులోనూ కళ్ళు పక్క కాలువలోకే పోయేవి. ఆ ముసలావిడ ముఖమూ, ముందురోజు నేను నవ్విన నవ్వూ తప్ప ఇంకేమీ తోచలేదు.

దిగుడు మొదట్లో కారు ఆగి ఉంది. నాగయ్య కిందికి దిగి పక్కన నిలబడి ఉన్నాడు. పెద్దావిడ వెనక సీట్లో ఉన్నారు. స్టీరింగు ముందు రామబ్రహ్మం గారు! ఇంజను స్టార్టయింది.

"ఆపండి! కదిలించకండి!" లారీ ఆగకముందే దూకాను.

"ఏంటయ్యా ఈ గోల?" ఆయన విసుక్కున్నారు. "వీడేమో కాలు పనిచెయ్యట్లేదు, దిగుడు దింపలేనంటాడు. రేపణ్ణించి మానేస్తాడట. నువ్వేమో ఇలా!"

"తప్పు నాదండీ," అన్నాను. పది బళ్ళవాళ్ళు చూస్తుండగా అన్నీ చెప్పాను. ముందురోజు నాగయ్య చెప్పినా వినలేదని కూడా చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. పెద్దావిడ మాత్రం, "ముందు ఆ చెక్క సంగతి చూడు నాయనా," అన్నారు.

మరలు విప్పి చెక్క పైకెత్తాను. కాడ కొట్టుకున్న చోట కొత్త టేకులో గోరంత గుంట పడి ఉంది. ఉలితో ఆ అంచంతా ఏటవాలుగా చెక్కేసి మళ్ళీ బిగించాను.

"తొక్కు నాగయ్యా," అన్నాను.

తొక్కాడు. పెడలు ఎక్కడా తగలకుండా దిగింది. మళ్ళీ తొక్కాడు, ఇంకోసారి తొక్కాడు. నాకేసి చూశాడు. కళ్ళలో నీళ్ళు.

"అయితే నా కాలు బాగానే ఉందంటారా ఆచారి గారూ?"

బాగానే ఉందని తల ఊపాను. నాగయ్యే కారును దిగుడు దింపి, వాగు దాటించి, పెద్దావిణ్ణి తోటకు చేర్చాడు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు తోలాడు.

ఎలా ఉందో అలా చెయ్యమంటే, నాకు తెలిసింది పక్కన పెట్టి, ముందు చేసినవాడు ఎందుకలా చేశాడో తెలుసుకోవాలని నాకు ఆ రోజు తెలిసింది. ఆ పాత ముక్క ఇప్పటికీ నా పనిబల్ల మీదే ఉంది. వాడేవాడు వచ్చి ఏదో ఆనుతోందంటే చాలు, మారుమాట్లాడకుండా మోకాళ్ళ మీద కూర్చుని కిందికి చూస్తాను.