వరద గీత మీద బోర్డులు

తడిసిన గోడని చెక్కముక్కలతో కప్పేస్తే మా ఆవిడ ఇంటికి తిరిగి వచ్చేస్తుందని నమ్మిన మనిషిని నేను. ఇది చదివి నవ్వుకునేవాళ్లు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. ఆవిడ వినకుండా అప్పుడప్పుడూ నేనూ నవ్వుకుంటూ ఉంటాను.

బుడమేరు పొంగిన ఏడాది విజయవాడలో మా కాలనీ మొత్తం మునిగింది. మాది చిన్న డాబా ఇల్లు. అందులో ముగ్గురం ఉండేవాళ్లం. నేను, మా ఆవిడ, ఆవిడ అక్కగారు. అంటే నాకు వదినగారు. భర్త పోయాక మా దగ్గరికి వచ్చేశారు. వెనక గదిలో కుట్టుమిషను పెట్టుకుని మా వీధిలో సగం మందికి జాకెట్లు కుట్టారు. తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాయి గానీ నోరు మాత్రం అరగలేదు. క్యాలెండరు తగిలించడానికి నేను సుత్తి పట్టుకుంటే చాలు, గదిలోంచే అందుకునేవారు.

"మరిదిగారూ, గోడకి మేకు కొట్టమన్నాం. మేకుకి గోడ కొట్టమనలేదు."

ఆ రోజు తెల్లవారేసరికి నీళ్లు గుమ్మం దాటాయి. కాసేపటికి మంచం కోళ్లు మునిగాయి. వదినగారు మెట్లెక్కలేరు. ఆవిడని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురింటాయనా నేనూ చెరోవైపు పట్టుకుని డాబా మీదికి మోశాం. మధ్య మెట్టు మీద నేను ఆయాసపడుతుంటే పైనుంచి వినబడింది.

"మోయడానికి నలుగురు కావాలిగా మరిదిగారూ. ఇద్దరే వచ్చారేంటి?"

పడవ వచ్చేదాకా డాబా మీదే టార్పాలిన్ కింద ఉన్నాం. వాన పైనుంచీ పక్కలనుంచీ కూడా కొట్టింది. చివరికి పడవెక్కి, దొరికిన బండి పట్టుకుని మైలవరంలో మా బావమరిది ఇంటికి చేరాం. వదినగారికి పట్టిన జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగింది. నెల తిరక్కుండానే పోయారు. ఈసారి మోయడానికి నలుగురూ దొరికారు.

కార్యక్రమాలయ్యాక ఇల్లు కడుక్కుందామని నేను బయల్దేరాను. మా ఆవిడ బయల్దేరలేదు.

"నేను రాలేనండీ. ఆ ఇంట్లో అడుగుపెడితే నాకు నీళ్లే కనబడతాయి" అంది.

బావమరిదికి ఇది కలిసొచ్చింది. "ఆ కొంప అమ్మేసెయ్యండి బావగారూ. హాయిగా ఇక్కడే ఉండొచ్చు."

"రిటైరయ్యాక ఇల్లరికం ఏమిటయ్యా, చూసేవాళ్లు నవ్వరూ?" అన్నాను. ఆయన నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు. ఆవిడ నవ్వకపోతే నేను వేసింది జోకని నాకే నమ్మకం కుదరదు. ఆ ఇంట్లో మళ్లీ మేమిద్దరం కలిసి ఉంటామా లేదా అన్న భయం నాకు అక్కడే పట్టుకుంది.

ఇంటికొచ్చి చూస్తే, నీళ్లే కనబడతాయన్న ఆవిడ మాట నిజమేననిపించింది. హాల్లో, వంటింట్లో, పడకగదిలో, గోడలన్నిటి మీదా నా ఛాతీ ఎత్తున గోధుమరంగు గీత ఉంది. మేస్త్రీలు గొట్టంలో నీళ్లు పోసి మట్టం చూస్తారు. మా ఇంటికి ఏరే వచ్చి ఆ పని చేసిపెట్టి వెళ్లింది. ఎక్కడా ఇసుమంత వంకర లేదు. ఈ ఇంట్లో తిన్నగా ఉన్న పని అదొక్కటే. పుట్టీ పెట్టించాను, రంగు వేయించాను. వాన పడితే చాలు, గీత మళ్లీ పైకి తేలేది. నా గోడు గోడకి చెప్పుకుందామంటే, దాని గోడు అది నాకు చెప్పేది.

అలా ఒక మధ్యాహ్నం ఫోను చూస్తూ కూర్చుంటే యూట్యూబులో ఒకమ్మాయి కనబడింది. చెక్క పలకకి రంగు పూసి, అక్షరాలు దించి, జనపనార తాడు కట్టి, నవ్వుతూ గోడకి తగిలించింది. అక్కడ గోడ మీద మచ్చేమైనా ఉండేదేమో తెలీదు గానీ, ఉన్నా కనబడదు కదా అనిపించింది. మా ఆవిడ మైలవరం చెక్కేయబట్టి నేను చెక్క పట్టాను.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. బోర్డంటే నాకు తెలిసినది ఒకటే, పుర్రె కింద రెండు ఎముకలున్నది. ఆ చేత్తోనే తెల్లరంగు మీద ఎర్రరంగుతో 'సుస్వాగతం' అని రాశాను. ఆరాక దూరంగా నిలబడి చూస్తే, చుట్టాలు ముట్టుకుంటే షాకు కొట్టేలా ఉంది.

రెండో బోర్డుకి కాస్త బుద్ధి వచ్చింది. అక్షరాలు కంప్యూటర్లో పెద్దవి చేయించి, జిరాక్స్ షాపులో తీయించుకుని, కింద కార్బన్ పేపరు పెట్టి దించడం నేర్చుకున్నాను. ఆ అమ్మాయి రాసేది ఇంగ్లీషు. దానికి స్కేలూ మాస్కింగ్ టేపూ ఉంటే సరిపోతుంది. మన అక్షరాలు అలా లొంగుతాయా? అన్నీ గుండ్రాలే. 'ఠ' కోసం గ్లాసు, 'ల' కోసం సీసా మూత, 'మ' కోసం మా ఆవిడ పాత గాజు వాడాను. బురద కడుగుతుంటే మంచం కింద దొరికిందా గాజు. తలకట్లు పెట్టేటప్పుడు చెయ్యి వణికి, చాలా అక్షరాలకి తలనొప్పి కట్లు కట్టినట్టు వచ్చాయి. పని నీటుగా లేకపోయినా, నీటి గురించే కదా అని సరిపెట్టుకున్నాను.

ఇందులో అసలు తెలివి చెప్పలేదు. వరదకి మా అల్మరా తలుపులు నానిపోయి బూరెల్లా ఉబ్బాయి. అవి ఎం.డి.ఎఫ్. చెక్కవి, అంటే చెక్కపొడి అదిమి చేసినవి. నీళ్లు తగిలితే దాని పని అంతేనని కళ్లారా చూసి, వాటిని స్వయంగా రోడ్డు మీద పడేసి, వన్‌టౌన్ వెళ్లి మళ్లీ ఆ చెక్క పలకలే కొనుక్కొచ్చాను. వాటినే తీసుకెళ్లి తడి ఆరని గోడకి కొట్టాను.

'నవ్వుతూ ఉండండి' హాల్లో. 'కాఫీ మాది, కబుర్లు మీవి' వంటింటి గోడకి. 'మా ఇల్లే మాకు మేడ' పడకగదిలో. గీత ఎక్కడెక్కడ కొట్టొచ్చినట్టు కనబడితే అక్కడక్కడ ఒకటి. ఎదురింటాయన కాఫీకి వచ్చి, నడుము వంచి ఒక్కొక్కటే చదివాడు.

"బాగున్నాయండీ. పొట్టివాళ్లెవరైనా అద్దెకి దిగుతున్నారా?"

"ఇప్పుడు ఇదేనండీ ఫ్యాషను" అన్నాను.

"అవునా? అయితే మా ఇంటికి కుదరదులెండి. మాకు మీకన్నా జానెడు ఎక్కువ వచ్చాయి నీళ్లు."

ఆయనకి అర్థమైపోయింది. అయినా నేను మా ఆవిడకి ఫోను చేశాను. "ఇల్లు మొత్తం మార్చేశాను. గీత అన్నది కనబడదు. ఒక్కసారి వచ్చి చూడు, నచ్చకపోతే సాయంత్రం బస్సుకి వెళ్లిపోదువు గాని."

వచ్చింది. చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ లేదు. ఉండడానికి రాలేదని ఆ సంచే చెప్పింది. చెప్పులు విడిచి, కొంగు భుజం చుట్టూ లాక్కుని, హాలు మధ్యలో నిలబడింది. నేను పరీక్ష రాసినవాడిలా పక్కన నిలబడ్డాను. ఆవిడ చూపు ఒక బోర్డు మీంచి పక్క బోర్డు మీదికి, అక్కణ్ణించి వంటింటి గోడకి తిన్నగా వెళ్లింది. ఎక్కడా పైకి లేవలేదు, కిందికి దిగలేదు.

"మీరు లైను దాచలేదండీ" అంది మెల్లిగా. "అండర్‌లైన్ చేశారు."

అప్పుడు చూశాను నేను. నిజమే. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఇంతకు ముందు ఇల్లంతా వెతుక్కుని చూడాల్సి వచ్చేది. ఇప్పుడు చదువుకోవచ్చు.

ఆవిడ 'నవ్వుతూ ఉండండి' దగ్గరికి వెళ్లి వేలితో తాకింది. బోర్డు అంచులు అప్పటికే ఉబ్బి, రంగు బుడగలు లేచింది. 'నవ్వు' సగం ఊడి వేలికి అంటుకుంది. దాన్ని కొంగుకి తుడుచుకుని అడిగింది.

"అక్క గదిలో ఏం పెట్టారు?"

నేను వంటింటి బోర్డు చూపించబోయాను.

"అన్ని గదుల్లో పెట్టారుగా. అక్క గదిలో?"

ఆ గది తలుపు నేను తెరవలేదు. ఇల్లు కడిగించిన రోజు కూలీలు లోపల బురద ఎత్తిపోస్తుంటే వీధిలోకి వెళ్లి నిలబడ్డాను. వాళ్లు పని ముగించి తలుపు వేశాక గడియ పెట్టాను. అంతే. రంగులవాళ్లు అడిగితే 'అది తర్వాత' అన్నాను. ఇన్ని గోడలు కప్పింది మా ఆవిడ కోసమే అనుకున్నాను. ఆ ప్రశ్న అడిగేదాకా నాకు మరో అనుమానం రాలేదు.

"ఆ తలుపే తియ్యలేదు" అన్నాను.

"మీరు కూడానా?" అంది. ఆ మాటలో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది. ఆశ్చర్యంతో పాటు, ఎందుకో, కాస్త నెమ్మది కూడా ఉంది.

గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఇద్దరం కలిసి లాగితే వచ్చింది. లోపల బురద వాసన ఇంకా ఉంది. కుట్టుమిషను చక్రం తుప్పుతో ఎర్రగా ఉంది. మంచం మీద పరుపు లేదు, చట్రం మాత్రం మిగిలింది. ఆ గోడలకి ఏ రంగూ లేదు, ఏ బోర్డూ లేదు. గీత అలాగే ఉంది.

మా ఆవిడ వెళ్లి మంచం పట్టెమీద, అక్క కూర్చునే చోట కూర్చుంది. గీత ఆవిడ పాపిట దగ్గరికి వచ్చింది. చెయ్యెత్తి దాన్ని తడుముతూ అడిగింది.

"డాబా మీద అక్కకి నా శాలువా కప్పానా లేదా? అదే గుర్తు రావడం లేదండీ. మైలవరంలో పడుకున్నా కూర్చున్నా ఇదే. మా తమ్ముణ్ణి అడుగుదామంటే వాడు అక్కడ లేడు. మిమ్మల్ని అడుగుదామంటే... మీరు లేదంటారేమోనని."

"కప్పావు" అన్నాను.

"నిజంగా?"

"వద్దే, నువ్వు కప్పుకో అని ఆవిడ తిట్టారు కూడా."

నాకూ గుర్తు లేదు. ఆ వానలో ఎవరి మీద ఏముందో చూసిన వాళ్లెవరు? తిట్టడం మాత్రం వదినగారికి అలవాటే గనక, అంతవరకూ నేను అబద్ధమాడలేదనుకుంటాను. మా ఆవిడ నా ముఖం వైపు చూసి, ఇంకేమీ అడగలేదు. అప్పుడు ఏడ్చింది. అక్క పోయినరోజు కూడా అలా ఏడవలేదు. నేను గుమ్మంలో నిలబడి నా వంతు కానిచ్చాను.

సాయంత్రం బస్సు వెళ్లిపోయింది. మర్నాటి బస్సూ వెళ్లిపోయింది. తర్వాత బావమరిది ఆవిడ బట్టల పెట్టె తెచ్చి ఇచ్చి, ఇల్లు అమ్మే మాట ఎత్తకుండా భోంచేసి వెళ్లాడు.

బోర్డులన్నీ ఆవిడే దగ్గరుండి పీకించింది. గోడలకి గీతతో పాటు ఇప్పుడు మేకుల బొక్కలు కూడా ఉన్నాయి. రంగు వేయిద్దామా అంటే, "చూద్దాంలెండి" అంటుంది. వెనక గదిలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంది. ఒక్కోసారి తీస్తూ తీస్తూ ఆగిపోతుంది. ఆకాశం మబ్బేస్తే చేతిలో పని వదిలి వీధి గుమ్మం దాకా వెళ్లి చూసి వస్తుంది. తిరిగి వచ్చింది నిజమే గానీ, ఇంట్లో ఇద్దరమే ఉన్నామన్నది మా ఇద్దరికీ ఇంకా అలవాటు కాలేదు. అన్నం ముగ్గురికే వండుతుంది.

మొన్న మళ్లీ ఒక బోర్డు చేశాను. ఈసారి చెక్క కాదు, అల్యూమినియం రేకు. నానదు, ఉబ్బదు. దాని మీద ఎనామిల్ పెయింటుతో ఓపిగ్గా, ఒక్క తలకట్టు కూడా వణక్కుండా రాసి, ఇంటి వెనక్కి తీసుకెళ్లాను. ఆ రోజు నీళ్లు మొట్టమొదట అటువైపు ప్రహరీ మీంచే వచ్చాయి. గోడకి బయటి వైపు, మనుషులెవరూ నడవని చోట, మోకాలి ఎత్తున బిగించసాగాను. 'అనుమతి లేనిదే లోపలికి రారాదు.'

మా ఆవిడ లోపలినుంచి ప్రహరీ మీంచి తొంగిచూసి చదివింది.

"అక్కడెవరు చదువుతారండీ?"

"వచ్చేది అటునుంచేగా. చదువుకునే రానీ."

మళ్లీ చదివింది. "'దయచేసి' అని లేదేమిటి? చోటుందిగా."

"ఉంది. కావాలనే రాయలేదు."

వంగి, నా చేతికి ఇంకో స్క్రూ అందించింది.