సౌండు లేకుండా టీవీ చూసిన మా అత్త

పోయిన నెల ఒక బుధవారం పొద్దున, కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, మా అత్త వెళ్లిపోయింది. హిందూపురంలో మా భట్టి బొరుగులు తిన్నవాళ్లు పెనుకొండ, ధర్మవరం నుంచి కూడా వచ్చి కడసారి చూసి పోయారు. అందరూ ఆమె చేతిగుణం గురించి చెప్పారు. నేను ఆమె కండ్ల గురించి చెప్పాలి.

ఆరేళ్ల కింద ఆమె వేపే బొరుగులు మాడడం మొదలైంది. కాగిన ఇసుకలో బియ్యం పోస్తే చిటపటమని పొంగుతాయి. ఆ చప్పుడు తగ్గగానే జల్లెడకెత్తాలి. ఆమె ఎత్తేది కాదు. వెనకనుంచి నేను "అత్తా, మాడ్తాండాయి" అని అరిచినా తిరిగి చూసేది కాదు. పొగరనుకున్నాను. నా నోరు మంచిది కాదు, నెలంతా సాధించాను. భట్టి ఆర్పేసి ఆ కొట్టం బాడుగకిద్దామని మా ఆయన అన్నాడు.

ఆమె మాత్రం మధ్యాహ్నాలు టీవీ ముందు కూర్చునేది. నీటిచుక్క పడడం, బుడగ పగలడం, కుక్క ఒళ్లు విదిలించుకోవడం, అన్నీ బాగా నిదానంగా చూపించే యూట్యూబు కార్యక్రమం. సౌండు పెట్టనిచ్చేది కాదు. పెడితే కరెంటు ఎక్కువ కాలుతుందట. ఇంత పిసినారితనమా అని నవ్వుకునేదాన్ని.

ఒకనాడు మొక్కజొన్న గింజ పేలడం చూపించారు. గింజ అదిరింది, నడుము దగ్గర చీలింది, మెల్లగా తిరగబడింది. అత్త మంచం దిగి టీవీకి ముక్కు తగిలేంత దగ్గరికి పోయింది. నాతో నాలుగుసార్లు వెనక్కి పెట్టించుకుంది. యాభై ఏండ్లు గింజలు పొంగించిన మనిషి, గింజ ఎట్లా విచ్చుకుంటుందో చూడడం అదే మొదలు.

"నాకు చెవులు పోయినాయమ్మా," అంది, టీవీ మీదనుంచి చూపు తిప్పకుండానే. "ఇన్నేండ్లూ చెవుల్తోనే వేపినా. ఇంగ కండ్లతో నేర్చుకోవల్ల. నీ మొగునికి చెప్పొద్దు, భట్టి ఆర్పేస్తాడు."

సిగ్గుతో చచ్చిపోయాను.

మరునాడు ఇసుకకేసి వంగి, రెప్ప వేయకుండా వేపింది. మూడు వాయిలు మాడాయి. మా ఆయన రాకముందే నేను వాటిని పారబోశాను. నాలుగోది తెల్లగా దిగింది. "అదిరేటప్పుడు కలుపు, తేలేటప్పుడు తియ్యి" అని తర్వాత నాకూ నేర్పింది. ఆరేళ్లు అట్లాగే వేపింది. మా ఆయన ఆమెను ఏమడిగినా ముందు నేనే జవాబు చెప్పేదాన్ని. నా నోరు అందుకైనా పనికొచ్చింది. ఆయనకు ఇది చదివాకే తెలుస్తుంది.

దినాలు అయ్యాక నిన్న భట్టి వెలిగించాను. గింజలు చిటపటమన్నాయి. ఆరేళ్లు ఈ చప్పుడు ముందరే కూర్చుని కూడా ఆమె దీన్ని వినలేదు కదా అనిపించింది. ఆమె వంతు కూడా విందామని జల్లెడ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆ వాయి నల్లగా మాడింది.