మాస్టారి పెన్సిలు

కనిపించిన ప్రతిదాన్నీ పెన్సిలుతో కొట్టి చెవి ఒగ్గి వినడం మా ఫర్నేసు మాస్టారి జబ్బు. టంగుమంటే మంచిది, టక్కుమంటే లోపల పగులు. టీ కప్పు, కిటికీ అద్దం, అన్నం కంచం, ఏదీ తప్పించుకోలేదు. అల్లుడు మొదటిసారి ఇంటికొస్తే, హెల్మెట్ తీసేలోపే కొట్టి విన్నారట.

"ఏమని తేలింది మాస్టారూ?" అని స్టోరు చూసే అక్క అడిగితే, "హెల్మెట్టు వరకూ గట్టిదేనమ్మా" అన్నారు.

ఒకసారి ఫ్యాక్టరీ పెద్దసారు టీ తాగుతుంటే కప్పు మీద కొట్టారు.

"తాగకండి సార్, టక్కుమంది."

"మీకు పిచ్చి ముదిరింది!"

పెద్దసారు ఆ మాట పూర్తిచేసేలోపే పిడి చేతిలో మిగిలింది, టీ ఒళ్ళోకొచ్చింది.

మేము చేసేది కార్బైడ్ బిళ్ళలు. ఇనుము నీరయ్యే వేడికి కూడా అవి చెక్కుచెదరకూడదు. పొడిని అచ్చులో పోసి ప్రెస్సుతో నొక్కడం నా పని. తొమ్మిదిలో బడి మానేసిన నాకు ఒక్కటే షరతు: నా మొదటి బిళ్ళ మంటకు నిలిస్తే ఉద్యోగం, పగిలితే ఇంటికి.

ఆ రోజు కంగారులో ప్రెస్సును గబుక్కున వదిలేశాను. అలా వదిలితే బిళ్ళ లోపల పొర విడుతుంది. ఎవరికీ చెప్పలేదు. బిళ్ళలు నాలుగు రోజులు ఫర్నేసులో కాలాయి.

ఫర్నేసు తెరిచారు. అయిదు బిళ్ళలు. పెద్దసారు కాస్త దూరంలో నిలబడ్డారు. మాస్టారు పెన్సిలు తీశారు. టంగ్. టంగ్. టంగ్. టంగ్. చివరిది నాది. పెన్సిలు అలా తాకించి, నా వైపు చూశారు.

"ఏమంది?" అన్నారు పెద్దసారు దగ్గరికొస్తూ.

మాస్టారు మళ్ళీ కొట్టారు. సరిగ్గా అప్పుడే గది దద్దరిల్లేలా దగ్గారు.

"వినపడలేదు సార్, పాడు దగ్గు" అంటుండగానే బిళ్ళ చేయి జారి నేల మీద రెండు ముక్కలైంది. "అయ్యో! నా చేతులకేం రోగం!"

"ముప్ఫై ఏళ్ళ అనుభవం!" పెద్దసారు తల పట్టుకున్నారు. "ఇంకోటి చేయించండి."

మాస్టారు ముక్కలు ఏరుకుంటూ గొణిగారు. "వదిలేటప్పుడు ఇరవై లెక్కపెట్టమ్మా."

లెక్కపెట్టాను. రెండో బిళ్ళ మంటలో తెల్లగా వెలిగి, చెక్కుచెదరకుండా బయటికొచ్చి టంగుమంది.

"నీదీ జారిందా?" అని స్టోరు అక్క నవ్వింది. "పదేళ్ళ కిందట నాదీ జారింది. కొత్తవాళ్ళ బిళ్ళ టక్కుమంటేనే ఆయనకు దగ్గు."

పోయిన నెల ఒక కొత్తమ్మాయి బిళ్ళ మీద పెన్సిలు ఆగింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. పెద్దసారు ఈసారి స్వయంగా వంగి చెవి పెట్టారు. మాస్టారి కంటే ముందు నేనే దగ్గాను.

"జలుబా అమ్మా?" అన్నారు మాస్టారు.

"అవును మాస్టారూ."

"నాకూనూ" అంటూ బిళ్ళను చేతిలోకి తీసుకుని, ఆయన చేతులు వణికించడం మొదలుపెట్టారు.