బాయే చాలీస్

పీహెచ్‌డీ రోజుల్లో శంకర్ నగర్‌లో మా అద్దింటి డాబా మీదే యాంటెన్నాలు కొలిచేదాన్ని. గుండ్రటి చెక్క మీద ఎనిమిది చిన్న యాంటెన్నాలు వరసగా బిగించాను. చెక్క తిప్పే పని నాన్నది. రైల్వే సిగ్నల్ కేబిన్‌లో పనిచేసి రిటైరైన మనిషి, చెప్పిన మాట తిరిగి చెప్పించుకునే అలవాటు పోలేదు. కోణం హిందీలో గట్టిగా చెప్పేవారు. నేను తిరిగి అప్పజెప్పేదాకా చెయ్యి తీసేవారు కాదు. "బాయే చాలీస్" అంటే ఎడమకి నలభై డిగ్రీలు. నేనూ "బాయే చాలీస్" అన్నాకే రీడింగ్.

యాంటెన్నాలన్నీ కలిసి పంపే రేడియో కిరణం తిన్నగా ఉన్నంతకాలం అంతా బాగానే ఉంది. కేబుళ్లు మార్చి దాన్ని కుడికి యాభై డిగ్రీలు వంచాను. వంగింది. కానీ ఎడమ నలభై దగ్గర కూడా దాదాపు అంతే సిగ్నల్! అసలు కిరణానికి పక్కల సైడ్ లోబ్‌లని చిన్న చిన్న కిరణాలు కొద్దిగా ఉండటం మామూలే. ఇది కొద్దిగా కాదు.

"తప్పు తిప్పావు నాన్నా."

"లేదమ్మా, సూసే తిప్పినాను."

మర్నాడు ఆయన చెక్క అంచు చుట్టూ అయిదేసి డిగ్రీలకు ఒక మేకు కొట్టి పెట్టారు. మళ్లీ అదే రీడింగ్. నాకు ఒళ్లు మండింది. "నీ చెయ్యి వణుకుతోంది. కిందికెళ్లు, నేను చూసుకుంటా" అన్నాను. సుత్తి పక్కన పెట్టి దిగిపోయారు.

కొన్ని వారాలకు తెలిసింది, తప్పు నాదే. ఫ్రీక్వెన్సీ పెంచాను గాని, యాంటెన్నాల మధ్య పాత దూరమే ఉంచేశాను. అంత ఎడం ఉంటే, కిరణాన్ని బాగా వంచినప్పుడు అవతలి వైపు ఇంకోటి లేస్తుంది. ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉండే ముక్కే. యాంటెన్నాలను దగ్గరగా జరిపాను, ఎడమవైపుది పోయింది. మా గైడ్‌కి నవ్వుతూ చెప్పుకున్నాను. ఇంట్లో మాత్రం నోరు రాలేదు.

ఆ రాత్రి అన్నం దగ్గర నాన్నే అడిగారు. "ఇప్పుడు ఠీక్ వస్తందా అమ్మా?"

"వస్తోంది."

"మరైతే నా సెయ్యే ఖరాబన్నమాట" అని నవ్వేశారు. నేను తలొంచుకుని అన్నం కలుపుకున్నాను. అప్పట్నుంచి టీ గ్లాసు అందించేటప్పుడు కూడా రెండో చెయ్యి ఆసరా పెట్టుకునేవారు. వణకని చేతికి ఆసరా! అది చూసి కూడా చెప్పలేదు నేను. రేపు చెబుదాంలే అనుకుంటూ ఉండగానే ఆయన పోయారు.

తర్వాత ఒకరోజు డాబా ఎక్కి, ఆ మేకుల దగ్గర కోణమానిని పెట్టి చూశాను. ఒక్కటీ తేడా లేదు. ఎడమ నలభై మేకు మీద చెయ్యి పెట్టి "బాయే చాలీస్" అన్నాను. చాలాసేపు చెయ్యి తీయలేకపోయాను.