రెండుసార్లు బిగించిన బల్బులు

మా బాబాయ్ పోయాడని ఫోన్ చేసి చెబితే మా మేనత్త నమ్మలేదు. "నీ నోట్లో మన్ను పడ! చావు మీద కూడా వేళాకోళమేనా?" అని పెట్టేసింది. ఇంకో ఇద్దరు బంధువులూ అంతే. చివరికి బాబాయ్ కూతురు, మా చెల్లి, తనే ఫోన్ చేసి ఏడిస్తే గానీ ఎవరూ బయల్దేరలేదు. నా మాటకి మా వాళ్ళలో ఉన్న విలువ అదండీ.

పెద్దకర్మ రోజు పంచే చిన్న పుస్తకంలో నాలుగు ముక్కలు నన్నే రాయమంది చెల్లి. పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి, నావల్ల ఏమవుతుందమ్మా అన్నాను.

"నాన్నకి నువ్వంటే ప్రాణం అన్నయ్యా. ఆ నిచ్చెన సంగతి రాయి, చాలు" అంది.

సరిగ్గా ఆ నిచ్చెన దగ్గరే నేను ఇరుక్కుపోయాను. పన్నెండేళ్ళయింది, ఇంకా దిగలేదు.

బాబాయ్ ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు స్టేషన్‌లో పనిచేసేవాడు. ఇంట్లో ఏ ఫంక్షనైనా సీరియల్ లైట్లు ఆయనే తయారు చెయ్యాలి. వసారాలో కూర్చుని, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, చిన్న చిన్న టార్చి బల్బులకి హోల్డర్లు, వైర్లు అతికేవాడు. కొండపల్లి బొమ్మలవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన రంగుల్లో బల్బుల్ని ముంచి, అరటి బోదెకి వరసగా గుచ్చి ఆరబెట్టేవాడు. చూస్తే బోదెకి రంగుల కురుపులు లేచినట్టుండేది. ఆ మాట అంటే నవ్వేవాడు.

"బజార్లో ప్యాకెట్ల కొద్దీ దొరుకుతున్నాయిగా బాబాయ్?"

"దొరుకుతాయిరా కోతీ. వాటిల్లో ఒకటి పోతే దండ మొత్తం అవతల పారేస్తారు. మనం, పోయినవాడెవడో వెతుక్కుంటాం."

ఆ వెతుకులాట మీదే నా కన్ను పడింది. నలభై బల్బుల్లో ఒక్కటి వదులైతే చాలు, నలభయ్యీ వెలగవు. బాబాయ్ రిటైరైన రోజు మేడ మీద భోజనాలు. దండ కట్టేశాడు, వెలిగించి చూసుకున్నాడు, స్నానానికి దిగాడు. నేను వాటర్ ట్యాంకుకి ఎదురుగా ఉన్న నీలం బల్బుని అరచుట్టు తిప్పి వదిలేశాను. ఐదు నిమిషాలు ఆయన్ని కంగారుపెట్టి, నేనే పోయి బిగించి, మెప్పు కొట్టేద్దామని.

బాబాయ్ స్నానం చేసి వచ్చి, దండ కిందికి వేలాడుతోందని మొత్తం విప్పి మళ్ళీ కట్టాడు. ట్యాంకు ఎదురుగా ఇప్పుడు పసుప్పచ్చ బల్బుంది. నా నీలం బల్బు ఎక్కడికి పోయిందో నాకే తెలీదు.

ఆయనతో పనిచేసినవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. చెల్లి స్విచ్ వేసింది. ఒక్కటీ వెలగలేదు. నా నోరు ఊరుకోదుగా. "రాష్ట్రమంతటికీ కరెంటు పంపినాయన మేడ మీద చీకటేంటండీ!" అని అరిచాను. అంతా పగలబడి నవ్వారు. బాబాయ్ కూడా నవ్వాడు గానీ, చెవులు ఎర్రబడ్డాయి.

ఆ నవ్వుల మధ్య నేనే చేశానని ఎలా చెప్పను?

"ఒరేయ్, నిచ్చెన పట్టుకో. నువ్వు బల్బుల మీద చెయ్యి వెయ్యకు" అన్నాడు. ఒక్కో బల్బూ తీసి, మంచిది పెట్టి, "వెయ్యమ్మా!" అనేవాడు. చెల్లి స్విచ్ వేసేది. "ఆపు!" అనేవాడు. మళ్ళీ ఇంకోటి.

"బాబాయ్, నీలంవి చూడు ముందు."

"నీలంవే ఎందుకు?"

"ఊరికే. అనిపించింది."

"వరసలోనే పోవాలిరా."

నిచ్చెన వదిలితే పడిపోతాడు. వదలకపోతే నేను చచ్చిపోతున్నాను. అవతల ట్యూబులైటు వెలుగులో పులిహోర అయిపోయింది, పెరుగన్నం దాకా వచ్చారు. ముప్ఫై ఒకటోది, నీలం బల్బు, ఆయన వేళ్ళ మధ్య వదులుగా తిరిగింది. దాన్నే బిగించి "వెయ్యమ్మా!" అన్నాడు. దండ మొత్తం భగ్గున వెలిగింది. అప్పటికి సగంమంది చేతులు కడుక్కుంటున్నారు.

"కాలిపోలేదురా. వదులైంది. నేనే సరిగా బిగించలేదు" అన్నాడు కిందికి చూసి. నిచ్చెన దిగి నా భుజం తట్టాడు. ఆ తర్వాత ఏ పెళ్ళిలో కనిపించినా అదే మాట: "ఆ రోజు అందరూ విస్తళ్ళ దగ్గరుంటే వీడొక్కడే నాతో నిలబడ్డాడు." నేను తల వంచుకునేవాణ్ణి. వినయం అనుకునేవాళ్ళు.

చెబుదామని రెండు మూడుసార్లు వెళ్ళాను. "బాబాయ్, ఆ నీలం బల్బు..." అనగానే, "నా తప్పేరా అది, వదిలెయ్" అని కాఫీ గ్లాసు చేతిలో పెట్టేవాడు.

అప్పట్నుంచే ఏదైనా రెండుసార్లు బిగించడం మొదలెట్టాడు. కుళాయి, పెన్ను మూత, పచ్చడి సీసా. "ఒకసారి చేతికోసం, ఇంకోసారి అనుమానం కోసం" అనేవాడు. ఆ సీసా మూత తియ్యాలంటే పిన్ని పక్కింటివాళ్ళని పిలవాల్సొచ్చేది. ఎంత జాగ్రత్త మనిషో అని మొన్న శవం దగ్గర కూడా చెప్పుకుని ఏడ్చారు. అది జాగ్రత్త కాదండీ. తన చేతి మీద ఆయనకున్న నమ్మకాన్ని అరచుట్టు వదులు చేసింది నేను. చెల్లీ, ఇది అచ్చుకి ఇచ్చేముందు పిన్నికి చదివి వినిపించు. నా ఎదురుగానే.

నిన్న సాయంత్రం మేడెక్కాను. బాబాయ్ తన మనవరాలి పుట్టినరోజుకి కట్టిన ఆఖరి దండ ఇంకా అలాగే ఉంది. నిచ్చెన వేసి మొదటి బల్బు పట్టుకున్నాను. మెట్ల మీద అలికిడైంది. మోకాళ్ళు పట్టుకుంటూ పిన్ని వచ్చింది.

"ఒక్కడివే ఎక్కావేంట్రా? ఉండు" అని రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది.

చెప్పబోయాను. పైనుంచి చూస్తే ఉత్త చేతులే కనిపించాయి, గాజుల్లేవు. మళ్ళీ బల్బు వైపు తిరిగాను. వరసలోనే పోయాను. దిగడం, నిచ్చెన జరపడం, ఎక్కడం. జరిపినప్పుడల్లా మళ్ళీ పట్టుకునేది.

"వదులైనవేమన్నా ఉన్నాయారా?" అంది.

నలభయ్యీ తిప్పి చూశాను. ఒక్కటీ కదల్లేదు.